చింతపండు పెట్టి తోమకండి

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం, నాణేలు, పతకాలు సేకరించేవాళ్లు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి మైకు వినిపిస్తోందా? సరే.

పరిచయం చేస్తూ నన్ను ఇందాక 'పతకాల గ్రహీత' అన్నారు. అంత లేదండీ. నా జన్మలో నాకెవరూ ఒక్క పతకం ఇవ్వలేదు. (నవ్వులు) స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన రోజున మా సెక్షన్ వాళ్లు ఒక శాలువా, ఒక గోడ గడియారం ఇచ్చారు. గడియారం ఇంకా నడుస్తోంది. నా బీరువాలో ఉన్న పతకాలన్నీ ఎవరెవరికో ఇచ్చినవి, లేదంటే ఎవరెవరి పేరునో అచ్చు వేసినవి. అందులోనూ యుద్ధానివి, ఆటలవి నేను కొనను. దానం చేసినవాళ్లకి, ప్రాణం కాపాడినవాళ్లకి, అడవినీ పక్షినీ నిలబెట్టినవాళ్లకి ఇచ్చినవి మాత్రమే. అందులోనూ కాంస్యానివే. బంగారం కొనే స్తోమత లేదన్నది మొదటి కారణం. రెండో కారణం తర్వాత చెబుతాను.

ముందు నేను చేసిన పాపం ఒకటి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కింద ఒన్ టౌన్‌లో పాత సామాను కొట్టు ఒకటుండేది. ఇత్తడి బిందెలు, పగిలిన గంటలు, ఓడల్లోంచి దిగిన కుళాయిలు అన్నీ ఒకే గుట్ట. ఆ గుట్టలో అరచేయంత ఒక బిళ్ల కనిపించింది. ముదురు గోధుమ రంగు, దాదాపు నలుపు. బొమ్మ వైపు ఒక చెట్టు, కింద చేతిలో మొక్క పట్టుకున్న మనిషి. బొరుసు వైపు చుట్టూ ఆకుల దండ, మధ్యలో పేరు చెక్కడానికి వదిలిన జాగా. అందులో సన్నగా ఏవో ఇంగ్లీషు అక్షరాలు. "ఇదేటి బాబూ?" అనడిగాను. "ఇత్తడే గదా, తూకానికి తీస్కోండి" అన్నాడు. తక్కెట్లో పడేశాడు. పావుకిలో లోపే తూగింది.

ఇంటికి తెచ్చి చింతపండు, ఉప్పు పెట్టి తోమాను. మా ఆవిడో మా అత్తగారో తోమారనుకుంటున్నారేమో. కాదు, నేనే. లోహశాస్త్రం చదువుకున్నవాణ్ణి, నా చేతులతోనే తోమాను. అరగంటలో తళతళలాడిపోయింది. అందరికీ చూపించి మురిసిపోయాను కూడా. మర్నాడు వెలుతురులో చూస్తే బొరుసు వైపున్న అక్షరాలు సగం లేవు. పైపైన గీసిన గీతలు, పక్కనున్న నలుపు వల్ల కనిపిస్తున్నవి. ఆ నలుపు పోయింది, పదునూ పోయింది. ఎవరో ఒకరు చెట్లు నాటించారు, ఇంకెవరో మెచ్చుకుని పేరు చెక్కించి ఇచ్చారు. అన్నేళ్లు నిలిచిన పేరుని నేను అరగంటలో కడిగేశాను.

ఆ తప్పు సర్దుకోవడానికే ఈ పిచ్చి మొదలైంది.

లోహం గురించి కొంచెం చెప్పనివ్వండి, అది నా బలహీనత. మనం కంచు కంచం అంటాం, కంచు గంట అంటాం, కానీ కంచు పతకం అనం, కాంస్య పతకం అంటాం. రెండూ ఒకటే మాట కదా అంటారు. మాట ఒకటే, లోహం మాత్రం వేరు. మన ఇళ్లలో కంచులో నూటికి ఇరవై రెండు పాళ్ల దాకా తగరం ఉంటుంది, మిగతాది రాగి. అందుకే అది మోగుతుంది. అందుకే రాతి గచ్చు మీద పడితే పగులుతుంది కూడా. కంచరివాళ్లు దాన్ని ఎర్రగా కాల్చి, వేడి మీదే కొట్టి సాగదీస్తారు. చల్లారాక సుత్తి వేస్తే ముక్కలే. పతకం అచ్చు యంత్రంలో చల్లగా ఉన్నప్పుడే దెబ్బ తినాలి, పైగా ఒక దెబ్బతో అవదు. కాబట్టి పతకాల లోహంలో రాగి తొంభై పాళ్లు, ఆ పైన కూడా ఉంటుంది. మిగతాది తగరం, చాలాచోట్ల జింకు. అమెరికా టంకశాల 'కాంస్యం' అని అమ్మేదాంట్లో తొంభై రాగి, పది జింకు. మన బుడితి ఇత్తడి పనివాళ్లకి చూపిస్తే "బాబూ, ఇది రాగెక్కువైన ఇత్తడి" అంటారు. వాళ్లన్నదే కరెక్టు.

పతకాలు తయారయ్యే దారులు రెండు. ఒకటి పోత, రెండోది అచ్చు. పోత పాతది. 1438 ప్రాంతంలో ఇటలీలో పిసనెల్లో అనే చిత్రకారుడు కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఎనిమిదో జాన్ బొమ్మతో ఒక పతకం పోశాడు. మనమిప్పుడు పతకం అంటున్న వస్తువు అక్కడ మొదలైందంటారు. అచ్చు పద్ధతిలో శిల్పి ముందు పళ్లెమంత పెద్ద నమూనా చేస్తాడు. ఒక యంత్రం ఒక పక్క ఆ నమూనా మీద సూది నడుపుతూ, రెండో పక్క ఉక్కు ముద్ర మీద అదే బొమ్మని చిన్నదిగా చెక్కుకుంటూ పోతుంది. జాన్వియే అనే ఫ్రెంచివాడు 1899లో పేటెంటు తీసుకున్న యంత్రం ఇందులో బాగా పేరు తెచ్చుకుంది. ఆ ముద్రతో కొడతారు, లోహం గట్టిపడుతుంది, కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, మళ్లీ కొడతారు. ఎత్తుగా ఉన్న బొమ్మకి ఇలా ఎన్నో విడతలు. చివరికి రసాయనాల్లో ముంచి రంగు ఎక్కిస్తారు. వినండి, ఇది ముఖ్యం. ఆ గోధుమ రంగు మురికి కాదు. శిల్పి కావాలని వేయించిన చర్మం అది. దాన్నే నేను చింతపండుతో ఒలిచేశాను.

ఇక మనుషుల సంగతి.

నా బీరువాలో నాకెక్కువ ఇష్టమైనది ఇదిగో, మూడంగుళాల బిళ్ల. మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. అక్కడ కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఎవరికైనా బంగారు పతకం ఇవ్వాలంటే చట్టం చేయాలి. బంగారంది ఒక్కటే, అది ఆ మనిషికి వెళ్తుంది. అదే బొమ్మతో టంకశాల కాంస్య నకళ్లు కొట్టి ఎవరికైనా అమ్ముతుంది. ఆ డబ్బుతో ఖర్చు రాబట్టుకుంటారు. మనలాంటివాళ్లకి ఇంతకంటే సుళువైన దారి లేదు. 1867లోనే జార్జ్ పీబాడీ అనే వర్తకుడికి, అమెరికా అంతర్యుద్ధంలో చితికిన దక్షిణాది రాష్ట్రాల్లో చదువుల కోసం నిధి ఇచ్చినందుకు ఇలాంటి గౌరవం చేశారు. నా చేతిలో ఉన్నది లారెన్స్ రాక్‌ఫెల్లర్‌ది. 1990లో చట్టం చేశారు. ప్రకృతి పరిరక్షణ పని పేరు మీద ఈ పతకం దక్కిన మొదటి మనిషి ఈయనే అంటారు.

రాక్‌ఫెల్లర్ అనగానే కిరసనాయిలు గుర్తొస్తుంది కదా. తాత స్టాండర్డ్ ఆయిల్ పెట్టాడు. కొడుకు ఆ డబ్బుతో వయోమింగ్ రాష్ట్రంలో టీటన్ కొండల కింద లోయలో భూములు కొన్నాడు. తన పేరు బయటపడితే రేటు పెరుగుతుందని స్నేక్ రివర్ ల్యాండ్ కంపెనీ అని ఒక బోర్డు పెట్టి కొనిపించాడు. నిజం తెలిశాక అక్కడి పశువుల కాపరులు, రాజకీయ నాయకులు మండిపడ్డారు. ఏళ్ల తరబడి గొడవ. దానమిస్తానంటే ప్రభుత్వం కూడా వెంటనే తీసుకోలేకపోయింది. 1949లో గానీ ఆ ముప్పై వేల పైచిలుకు ఎకరాలు చేతులు మారలేదు. ఇక మనవడు, ఈ బిళ్ల మీది లారెన్స్, కరీబియన్‌లో సెయింట్ జాన్ దీవిలో ఐదు వేల ఎకరాలకు పైగా ఇచ్చాడు. అది 1956లో జాతీయ వనం అయింది.

తమాషా ఏమిటంటే, ఇంకో బిళ్ల దగ్గరా ఇదే కిరసనాయిలు వాసన వస్తుంది. 1930లో అమెరికాలో సొసైటీ ఆఫ్ మెడలిస్ట్స్ అని ఒకటి మొదలైంది. చందా కట్టినవాళ్లకి ఏడాదికి రెండు కాంస్య పతకాలు పంపేవారు, ఒక్కోటి ఒక్కో శిల్పి చేసినది. 1995 దాకా నడిచింది. దాని వెనకున్న పెద్దమనిషి జార్జ్ డుపాంట్ ప్రాట్, న్యూయార్క్ రాష్ట్రానికి అడవులు, జంతువుల రక్షణ చూసే కమిషనరుగా పనిచేశాడు. వాళ్ల నాన్న స్టాండర్డ్ ఆయిల్‌లో భాగస్తుడు! మొదటి పతకం చేసింది లారా గార్డిన్ ఫ్రేజర్ అనే శిల్పి. ఒక పక్క కుక్కతో వేటగాడు, రెండో పక్క అడవికోడి జాతి పక్షి. అడవుల్ని కాపాడే మనిషి మొదలుపెట్టిన వరసలో మొదటి బొమ్మ వేటగాడిదేమిటి అని నాకూ అనిపించింది. అప్పటి అమెరికాలో అడవి మిగలాలని గట్టిగా అరిచినవాళ్లలో వేటగాళ్లు చాలామంది. వేటాడ్డానికి ఏదో ఒకటి మిగలాలి కదా. (నవ్వులు) నవ్వకండి, మన దగ్గర చాలా అభయారణ్యాలు ఒకప్పుడు రాజుల వేట అడవులే.

మా ఉక్కు కులంవాడు కూడా ఒకడున్నాడు, అమెరికాలో ఉక్కు కంపెనీ నడిపిన ఆండ్రూ కార్నెగీ. 1904 జనవరి 25న పిట్స్‌బర్గ్ దగ్గర హార్విక్ బొగ్గు గనిలో పేలుడు. 179 మంది పోయారు. లోపలివాళ్లని కాపాడదామని దిగిన ఇద్దరు కూడా ప్రాణాలు వదిలారు. కార్నెగీ ఆ ఇద్దరి సంగతి విని కదిలిపోయి, ఎదుటివాడి ప్రాణం కోసం తన ప్రాణం ఒడ్డినవాళ్లకి పతకాలు, వాళ్ల కుటుంబాలకి సాయం ఇవ్వడానికి యాభై లక్షల డాలర్లతో నిధి పెట్టాడు. మొదట్లో బంగారం, వెండి, కాంస్యం మూడూ ఉండేవి. బంగారువి మొత్తం ఇరవై లోపే ఇచ్చారు. 1980ల నుంచి కాంస్యం ఒక్కటే. నాకు ఆ నిర్ణయం నచ్చింది. ఎవడి సాహసం బంగారం, ఎవడిది వెండి అని కూర్చుని తూచడం ఏం పనండీ? బొమ్మ వైపు కార్నెగీ ముఖం, బొరుసు వైపు ఏం చేశాడో, ఎక్కడ, ఏ రోజున చేశాడో రాసే పలక ఉంటుంది.

అదే కార్నెగీ కంపెనీలో 1892లో హోమ్‌స్టెడ్ సమ్మె జరిగింది. కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. యూనియన్ ఆఫీసులో టీ తాగుతూ ఈ పతకం గురించి చెబితే మావాళ్లు "ఆ బొరుసు కూడా చెప్పు గురూ" అన్నారు. చెబుతున్నాను. దాత ఎలాంటివాడన్నదానికి పతకం సాక్ష్యం కాదు. పతకం మీద చెక్కిన పని జరిగిందన్నదానికి సాక్ష్యం, అంతే.

మన దేశానిది చూద్దాం. కైజర్-ఇ-హింద్. 1900లో విక్టోరియా రాణి పెట్టింది. ప్రజాసేవ చేసినవాళ్లకి. బంగారం, వెండి, తర్వాత కాంస్యం. గుంటూరులో ఆసుపత్రి పెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్‌కి ఇచ్చారు. ఇప్పటికీ గుంటూరు వాళ్లు కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. వరద బాధితుల సేవకి సరోజినీ నాయుడుగారికి ఇచ్చారు, జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆవిడ తిరిగి ఇచ్చేశారు. దక్షిణాఫ్రికాలో సేవలకి గాంధీగారికి 1915లో బంగారుది ఇచ్చారు. 1920 ఆగస్టు 1న ఆయన అది వైస్రాయికి వెనక్కి పంపేశారు. పతకాలు కొనేవాడిగా నాకు ఇక్కడో ఇబ్బంది ఉంది. గాంధీగారు వద్దనుకున్న వస్తువు నేను డబ్బులు పెట్టి కొనడమేమిటని మా చెల్లెలు నిలదీసింది. నా దగ్గర సమాధానం లేదు. ఒక్కటి కొన్నాను, దాన్ని విడిగా ఉంచాను.

ఇప్పుడు ఆ రెండో కారణం. చిన్నప్పుడు బళ్లో మోగేది కంచు, మోగనిది కనకం అని నేర్పి కంచుని చిన్నబుచ్చారు. సేకరించేవాడి లెక్క వేరే. బంగారానికి కష్టకాలం వస్తే కొలిమి పిలుస్తుంది. ఇంట్లో పెళ్లి వచ్చినా, అప్పు వచ్చినా మొదట వెళ్లేది అదే. 1940లో కోపెన్‌హేగన్‌లో ఇద్దరు శాస్త్రవేత్తల నోబెల్ పతకాలు జర్మన్ సైనికుల చేతికి చిక్కకూడదని హెవెసీ అనే రసాయన శాస్త్రవేత్త ఆమ్లంలో కరిగించి సీసాలో దాచాడు. యుద్ధం అయ్యాక ఆ బంగారంతో మళ్లీ పతకాలు చేయించారు. అంత అదృష్టం ఎన్నిటికి పడుతుంది? కాంస్య పతకాన్ని కరిగిస్తే టీ ఖర్చులు కూడా రావు. అందుకని ఏ అటకమీదో పడి ఉంటుంది. దాని విలువ తక్కువ కావడమే దాని ఆయుష్షు. ఎవరు, ఏ ఊళ్లో, ఏ మంచి పని చేశారన్న కాగితాలు చెదలు తిన్నాక కూడా అది చదవగలిగేలా మిగులుతుంది. మిగలకుండా చేసేది రెండే రెండు. ఒకటి నాలాంటి తోముడుగాడు. రెండోది మన సముద్రం.

సముద్రం సంగతి విశాఖలో కాక ఇంకెక్కడ చెప్పుకుంటాం? బీచి రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో ఏసీ పెట్టెల గతి మీకు తెలుసు. నేను ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి లాసన్స్ బే వైపు వచ్చాను, గాలి బాగుంటుందని. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. మా బాల్కనీ తలుపు అద్దం పగిలి రాత్రంతా ఉప్పు జల్లు గదిలోకి కొట్టింది. కరెంటు రోజుల తరబడి లేదు. మంచినీళ్ల టెన్షన్‌లో పతకాల పెట్టె ఎవడు చూస్తాడు? వారం తర్వాత తుడిచి, లోపల పెట్టేశాను. వానాకాలం మళ్లీ వచ్చేసరికి మూడు బిళ్లల మీద లేత ఆకుపచ్చ పొడి, సుద్దలాగా.

చిలుము అనుకుని ఊరుకున్నాను. అదే పొరపాటు. మామూలు చిలుము గట్టిగా అంటుకుని ఉంటుంది, పుల్లతో గీకితే సులువుగా రాదు. ఇది పొడిలా రాలిపోతుంది, తుడిస్తే మళ్లీ అదే చోట పుడుతుంది. దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు, కంచు జబ్బు అనుకోండి. ఉప్పులోని క్లోరైడు లోపలికి దిగి రాగితో కలిసి దాక్కుంటుంది. చెమ్మ, గాలి తగలగానే అది పచ్చపొడిగా మారుతూ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కొత్త రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడు, మళ్లీ చెమ్మ. గుంట పడేదాకా ఆగదు. పక్కన ఉన్నవాటికి అంటుకుంటుందంటారు గానీ అది నిజం కాదు. ఒకే పెట్టెలో ఒకే చెమ్మ కాబట్టి అన్నిటికీ వస్తుంది.

ఏం చేశానంటారా? పొడి రాల్చి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాను. రోజూ నీళ్లు మార్చడం, అలా వారాల కొద్దీ. తర్వాత అసిటోన్‌లో ముంచి, ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టాను. లోపల చెమ్మ నలభై శాతం దాటకుండా చిన్న మీటరు ఒకటి. రెండు బతికాయి. మూడోదానికి మ్యూజియం పనివాళ్లు వాడే మందులు కావాలి, అవి విషం, ఇంట్లో చేయొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పీవీసీ కవర్లు వద్దు, అవి పాతబడితే ఆమ్లం వదులుతాయి, జిగట పచ్చదనం అంటుకుంటుంది. ప్లైవుడ్ పెట్టె కూడా వద్దు. పతకాన్ని ముఖం మీద పట్టుకోకూడదు, అంచు మీద పట్టుకోవాలి, మీ చెమట కూడా ఉప్పే. నకిలీ అనుమానం వస్తే స్కేలు పెట్టి కొలవండి. అసలు బిళ్ల నుంచి అచ్చు తీసి పోసిన కాపీ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, మూడంగుళాల మీద ఒక మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. అంచు చదవండి. పారిస్ టంకశాల 1880 నుంచి అంచు మీద పళ్లు నిండిన చిన్న కొమ్ము బొమ్మ గుర్తుగా వేసి, పక్కన లోహం పేరు కొడుతుంది. నూరేళ్లు దాటిన వస్తువు దేశం దాటించాలంటే 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు, అమ్మేసి పిల్లలకి డాలర్లు పంపుదామనుకునేవాళ్లు గుర్తుంచుకోండి. (నవ్వులు)

ముందు వరసలోంచి అమ్మాయి ఏదో అడుగుతోంది... మన ఊరి దాతలకి పతకాలు లేవా అని. మంచి ప్రశ్నమ్మా. నాకు ఒక్కటీ దొరకలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలిచ్చిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారి పేరు సైన్సు కాలేజీ మీద ఉంది. ఏవీఎన్ కాలేజీ అంటాం గానీ బోర్డు మీద ముందు 'మిసెస్' అని ఉంటుంది, చూశారా? అంకితం వెంకట నరసింగరావుగారి భార్య ఇచ్చిన విరాళం అది. మనవాళ్లు బిళ్ల కొట్టించకుండా గోడ కట్టించారు. బస్సు కండక్టరు రోజుకి వందసార్లు ఆ పేరు అరుస్తాడు, అది తక్కువేం కాదు.

చివరగా, ఆ తోమిన బిళ్ల ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. పక్కన నూలు గ్లవ్స్ ఉన్నాయి, వేసుకుని చూడండి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురు పక్కనుంచి పడేలా వంచితే బొరుసు వైపు మధ్యలో రెండు అక్షరాలు తేలుతాయి. మొదటిది వి. రెండోది ఎస్ కావచ్చు, ఐదో అంకె కావచ్చు. తర్వాత ఖాళీ. కింది వరసలో 'చెట్లు నాటినందుకు' అన్నట్టు సగం మాట. మీ ఇళ్లలో ముత్తాతలెవరైనా ఈ చుట్టుపక్కల తోటలు వేయించినవాళ్లుంటే, ఆ పేరు 'వి'తో మొదలైతే, టీ తాగేలోపు నాకు చెప్పండి. నేను తలుపు దగ్గరే ఉంటాను.